అంచు మడతలో పేరు

మా ఆయన సబ్బు పౌడర్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తారు. అక్కడి యూనియన్‌కి కార్యదర్శి కూడా. రెండో ఉద్యోగానికి జీతం లేదు కాబట్టి దాన్ని ఇంకాస్త శ్రద్ధగా చేస్తారు.

ఆయన అక్క, అంటే మా వదిన, అదే ఫ్యాక్టరీ వెనక పాత గోడౌన్ గదిలో మహిళా కుట్టు సంఘం నడుపుతుంది. ఫ్యాక్టరీలో అందరూ వేసుకునే నీలం ఓవరాల్స్, ముక్కుకి కట్టుకునే గుడ్డలు అక్కడే కుడతాం. ‘కుడతాం’ అన్నానంటే నేనూ అందులో ఉన్నాననే. డిగ్రీలో నేను తర్కశాస్త్రం చదువుకున్నాను. కాజాలు కుట్టటంలో అది ఎందుకూ పనికిరాలేదు. అటు గోడకి ఆడపడుచు, ఇటు మంచానికి మొగుడు, ఇద్దరూ సంఘాలవాళ్ళే అయినప్పుడు మధ్యలో నోరు మూసుకుని ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోవటానికి మాత్రం పనికొస్తోంది.

వదిన మా పక్క పోర్షన్‌లోనే ఉంటుంది. మధ్యలో ఒకే గోడ. గోడలకు చెవులుంటాయంటారు, మా గోడకి నోరు కూడా ఉంది. మేం ఇక్కడ కూర ఏం వండాలని తర్జనభర్జన పడుతుంటే అవతలనుంచి “బీరకాయ” అని తీర్పు వస్తుంది.

ఆ మధ్య ప్యాకింగ్ హాల్లో గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాన్లు ఆగిపోయాయి. పౌడర్ అంతా గాల్లోనే ఉండిపోవటం మొదలైంది. ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పి దులిపితే పెరట్లో బకెట్ నీళ్ళకి నురగొచ్చేది. మొదట్లో నేను నవ్వాను, సబ్బు ఖర్చు తగ్గిందని. దగ్గు మొదలయ్యాక నవ్వలేదు.

యూనియన్‌వాళ్ళు వెళ్ళి అడిగారు. మేనేజర్ పెద్దమనిషే, అరిచే రకం కాదు. కుర్చీ చూపించి మరీ, “ఎప్పుడూ మీరు నలుగురే వచ్చి ఇదే మాట చెప్తారు. మీరు తప్ప ఈ ఫ్యాన్ల గురించి అనుకునేవాళ్ళు బయట ఒక్కరున్నారా?” అన్నాడట. మా ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. “బయటివాళ్ళూ మా వెంటే ఉన్నారు. సోమవారం గేటు దగ్గర చూపిస్తాం” అనేశారు. అనేసి, ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, ఎవరిని చూపించాలా అని ఆలోచించటం మొదలుపెట్టారు. మా ఇంట్లో పనులన్నీ ఈ వరసలోనే జరుగుతాయి.

రెండ్రోజులు పోయాక చంకలో ఒక గుడ్డ చుట్ట పెట్టుకుని వచ్చారు. బ్యానర్.

“దీనికి అంచు కుట్టించి పెట్టవోయ్. కింద బాగా గట్టిగా ఉండాలి.”

అంచు ఎందుకంటే, క్రితంసారి బ్యానర్‌కి అంచు కుట్టలేదు. గాలికి కిందనుంచి చుట్టుకుంటూ పైకి పోయి, రోజంతా ‘మా డిమాండ్లు’ అన్న ముక్క ఒక్కటే గేటు మీద వేలాడింది. ఆ డిమాండ్లు ఏమిటో మేనేజర్‌కి ఇప్పటికీ తెలియదు.

“విప్పి చూడనా?” అన్నాను.

“ఎందుకు, అంచే కదా. అక్షరాలు ఇంకా పచ్చిగా ఉన్నాయేమో, చుట్ట అలాగే ఇచ్చెయ్” అన్నారు. అంటూ కిటికీ బయటికి చూశారు. కిటికీ బయట మా గోడ తప్ప ఏమీ ఉండదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. తర్కశాస్త్రం సమయానికి ఎప్పుడూ రాదు.

* * *

సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఏ నిర్ణయమైనా బొత్తాలతో తీసుకుంటాం. ప్రతి మనిషికీ ఒక తెల్ల బొత్తం, ఒక నల్ల బొత్తం. తెల్లదంటే సరే, నల్లదంటే వద్దు. గుడ్డ కప్పిన డబ్బాలోకి చెయ్యి పెట్టి ఏదో ఒకటి వదలాలి, రెండోది గుప్పిట్లోనే పట్టుకుని వెళ్ళి బొత్తాల సంచిలో వెయ్యాలి. ఎవరేం వేశారో అడగకూడదు. పెద్దగా మాట్లాడేవాళ్ళ మాటే చెల్లటం వదినకి ఇష్టం ఉండదు. తనే అందరికంటే పెద్దగా మాట్లాడుతుంది కాబట్టి ఆ కష్టం తనకి తెలుసు.

సంఘం పేరు విషయంలో అయితే మరీ పట్టుదల. ఎన్నికల్లో నిలబడ్డ ఒకాయన పోస్టర్ మీద మా పేరు వేసుకుంటానంటే నల్ల బొత్తాలు పడ్డాయి. ఫ్యాక్టరీవాళ్ళు తమ క్యాలెండర్ మీద ‘మా కుట్టు సంఘం’ అని వేస్తామంటే నల్ల బొత్తాలే పడ్డాయి. ఇంతవరకూ ఆ పేరు ఉన్నది రెండే చోట్ల. గది తలుపు మీద, ఎవరూ పట్టుకుపోకుండా ఇస్త్రీపెట్టె పిడి మీద.

అలాంటి గదిలోకి నేను ఆ గుడ్డ చుట్ట పట్టుకెళ్ళి వదిన చేతిలో పెట్టాను.

“తమ్ముడి బ్యానరా? ఇటివ్వు, నేనే కుడతాను” అంది ముచ్చటగా. అంచు రెండు మడతలు పెట్టి మిషన్ కింద దూర్చింది. అవతల చివర కత్తెర పిన్ని పట్టుకుంది. మాకు గుడ్డ కత్తిరించేది ఆవిడే; కత్తెర నడుముకి కట్టుకుని తిరుగుతుంది, నిద్రలో కూడా అంటారు. మిషన్ వెనక నుంచి గుడ్డ లాగటం నా పని.

బ్యానర్‌కి అంచు కుట్టేటప్పుడు అక్షరాలు పక్కకి పడుకుని, వెనకనుంచి ముందుకి వస్తాయి. అంటే చివరి అక్షరం మొదట వస్తుంది. సూది కింద నుంచి ముందు ‘ఘం’ వచ్చింది. తర్వాత ‘సం’ వచ్చింది. వదిన పట్టించుకోలేదు, లోకంలో సంఘాలకేం తక్కువ. ఆ తర్వాత ‘ట్టు’ వచ్చింది. ‘కు’ వచ్చింది.

వదిన కాలు ఆగిపోయింది.

ఊళ్ళో ఉన్న కుట్టు సంఘం ఒక్కటే. వదిన కళ్ళజోడు పైకి తోసుకుని, చేత్తో చక్రం తిప్పుతూ, ఒక్కో కుట్టే వేసుకుంటూ ముందుకు పోయింది. ‘ళా’. ‘హి’. ‘మ’. ఆ తర్వాత రెండు చుక్కలు. ఆ తర్వాత ‘మద్దతు’, అదీ తిరగేసి.

సూపర్‌వైజరమ్మ వచ్చి మెడ పక్కకి వంచింది. ఆవిడ ప్యాకింగ్ సూపర్‌వైజర్ భార్య. తను ఏదీ సూపర్‌వైజ్ చెయ్యదు గానీ కనపడ్డదల్లా పైకి చదువుతుంది. “మద్దతు, మహిళా కుట్టు సంఘం” అని చదివి, “మనం ఎప్పుడిచ్చాం?” అంది.

అందరూ నావైపు చూశారు. తేలు కుట్టిన దొంగలా ఆయన ఇంట్లో కూర్చుంటే, కుట్టించుకున్న మొహం ఇక్కడ నేను పెట్టాల్సివచ్చింది.

“నాకు తెలియదు వదినా” అన్నాను.

“తెలిస్తే నువ్వు చుట్ట విప్పకుండా తెస్తావా” అంది వదిన. కోపం లేదు గొంతులో. అందుకే భయమేసింది. తమ్ముడి మీద ఆవిడ కోపమంతా ఎప్పుడూ గోడమీంచి కేకగా వచ్చి తీరిపోతుంది. తీరకుండా లోపలే ఉండిపోవటం నేను చూడటం అదే మొదలు.

“ఈ గది ఫ్యాక్టరీది. పని ఫ్యాక్టరీది. రేపు మేనేజర్ పిలిచి, ఇది నిజమేనా అంటే నేనేం చెప్పాలి?” అంది, ఎవరినీ చూడకుండా. “కాదంటే వాడు అబద్ధాలకోరు అవుతాడు, ఫ్యాన్ల మాట గాలికిపోతుంది. అవునంటే నేను అవుతాను. ఈ సంఘం ఒక మాట అంటే ఊళ్ళో మళ్ళీ అడగరు. అది సంపాదించటానికి నాకు జుట్టు నెరిసింది.”

“నీ జుట్టు ముందే నెరిసింది లే” అంది కత్తెర పిన్ని. “ఇప్పుడేం చేద్దాం? ఆ ముక్క కత్తిరించెయ్యనా?” చెయ్యి అప్పటికే నడుము మీదికి పోయింది.

“వద్దు. ఎవరి తప్పు వాళ్ళు చూసుకోవాలి. అమ్మాయ్, రేపు మీ ఆయన్ని ఇక్కడికి రమ్మను.”

* * *

“వదిన రేపు మిమ్మల్ని సంఘానికి రమ్మంది” అన్నాను అన్నం వడ్డిస్తూ.

“నన్నా? ఎందుకట?”

“కొలతలు తీసుకోటానికి.”

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. “చదివేసిందా?”

“ఏం చదివేసిందని?”

“నీకూ తెలిసిపోయింది. అది కాదోయ్, ఆదివారం భోజనానికి పిలిచి నెమ్మదిగా చెబుదామనుకున్నాను. అక్క కాదంటుందా? మన ఇంటి సంఘమేగా.”

“మరి చెప్పకుండానే ఎందుకు రాయించారు?”

“పెయింటర్ ఊరెళుతున్నాడు. ఆగమంటే ఆగడు.”

“అంచు కుట్టేవాళ్ళు చూడరనుకున్నారా?”

“అంచు కుట్టేవాళ్ళు అంచు చూస్తారుగా” అన్నారు. దొంగిలించిన పేరున్న గుడ్డని, దొంగిలించినవాడే, బాగుచెయ్యమని ఆ పేరుగలవాళ్ళకే పంపటం మా ఇంటి మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. అందుకే ఆయన మీద పూర్తిగా కోపం తెచ్చుకోవటం నాకెప్పుడూ చేతకాలేదు. దొంగతనానికి కూడా ఒక ఓపిక ఉండాలి. ఆయనకి లేదు.

గోడ అవతలనుంచి ఆ పూట ఒక్క మాటా రాలేదు. ఆయన రెండుసార్లు దగ్గి, “బీరకాయ బావుంది” అని కాస్త గట్టిగానే అన్నారు. అయినా రాలేదు. అప్పుడు ఆయన అన్నం వదిలేశారు.

* * *

మర్నాడు పని అయిపోయాక వచ్చారు. కొలతలు ఇచ్చేవాళ్ళని నిలబెట్టే చిన్న స్టూలు ఒకటి ఉంది. వదిన దాన్ని చూపించింది. ఆయన దానిమీద కూర్చున్నారు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. చుట్టూ మిషన్ల వెనకనుంచి మేమందరం చూస్తున్నాం. గేటు దగ్గర అంతమంది ముందు మైకు పట్టుకుని తొణకని మనిషి, ఇక్కడ జేబురుమాలు మడతపెట్టటం, విప్పటం, మళ్ళీ మడతపెట్టటం.

“అక్కా” అన్నారు.

“ఇక్కడ అక్క లేదు. అధ్యక్షురాలు ఉంది. చెప్పు.”

“పేరే కదా అక్కా... అధ్యక్షురాలా. రాస్తే అరిగిపోతుందా? పైగా మంచి పనికి. పౌడర్ పీల్చేది మీ ఇళ్ళలో మగవాళ్ళు కూడా.”

వదిన నావైపు తిరిగింది. “అమ్మాయ్, క్రితం ఏడు కంపెనీవాళ్ళు టీ విరామం తగ్గిస్తూ నోటీసు పెట్టారు, గుర్తుందా? కింద ఏం రాశారు?”

“యూనియన్ సమ్మతితో అని” అన్నాను.

“యూనియన్ సమ్మతించిందా?”

“లేదు.”

“మరి మీ ఆయన ఏమన్నాడు?”

ఆయన ఏమన్నారో నాకు కంఠతా వచ్చు. గేటు మీటింగ్ ముందు వారం రోజులు గడ్డం గీసుకుంటూ అద్దం ముందు అదే చెప్పుకున్నారు. గోడ పుణ్యమా అని వదినకీ వచ్చు. నేను లేచి నిలబడి, గొంతు సవరించుకుని, ఆయన ఎలా చెప్పారో అలాగే చెప్పాను:

“పేరంటే ఊరికే అక్షరాలు కాదు మిత్రులారా. మమ్మల్ని అడక్కుండా మా పేరు రాయటమంటే, మా భుజం నుంచి మా చెయ్యి ఊడబెరుక్కుపోయి సంతకం పెట్టించుకోవటం.” ఇక్కడ ఆయన కుడిచెయ్యి పైకెత్తుతారు. నేనూ ఎత్తాను. “ఆ చెయ్యి మాకు తిరిగి కావాలి.”

కత్తెర పిన్ని చప్పట్లు కొట్టింది. “బాగా చెప్పింది. ఎవరు రాశారమ్మా?”

అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడిందంటారు. ఆయన మొహం సరిగ్గా అలాగే ఉంది. రుమాలు వైపే చూస్తూ అన్నారు:

“మేనేజర్ ఒక్కరిని చూపించమన్నాడు. నాకు ఎవరూ గుర్తురాలేదు అక్కా. నువ్వే గుర్తొచ్చావు. అడిగితే, వద్దంటావేమోనని భయమేసింది. అడక్కపోతే వద్దనవు కదా.”

వదిన కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుంది, అద్దాలు శుభ్రంగానే ఉన్నా.

“అయితే ఇప్పుడు అడుగు” అంది.

ఆయన స్టూలు మీంచి లేచి నిలబడ్డారు. “తప్పయింది. మీ పేరు బ్యానర్ మీద ఉంచుకోవచ్చా అని యూనియన్ తరఫున అడుగుతున్నాను.”

డబ్బా తెచ్చారు. వరసగా అందరం వెళ్ళి చెయ్యి పెట్టి వచ్చాం. ఆయన అందరి మొహాలూ చూస్తున్నారు. నా మొహం మరీను. వదిన డబ్బాని బల్లమీద బోర్లించింది.

నల్లవే ఎక్కువ.

నాకు ఆశ్చర్యం కలగలేదు. గది పోతే ఎక్కడ కూర్చుని కుట్టాలి అన్న భయం కొందరిది. ఒకసారి అడక్కుండా వాడినవాడికి అడగ్గానే ఇచ్చేస్తే రేపు ఊరంతా ఇలాగే అడుగుతుందన్న లెక్క కొందరిది. ఆయన మాత్రం చిన్నపిల్లాడిలా బొత్తాల్ని చూస్తూ నిలబడ్డారు.

“పేరు ఇవ్వటం కుదరదు” అంది వదిన. “అమ్మాయ్, ఆ అంచు విప్పు. పేరున్న వరస మొత్తం వెనక్కి మడిచి మళ్ళీ కుట్టు. మూడు వరసలు కుట్టు.”

“సరే అక్కా” అన్నారాయన. గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి దగ్గు వచ్చింది. తలుపు పట్టుకుని దగ్గి, చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. వదిన ఆ తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

అప్పుడు సూపర్‌వైజరమ్మ లేచింది. ఆవిడ వేసింది నల్లదేనని అందరం అనుకుంటున్నాం. వాళ్ళాయన మేనేజర్ పక్కన నిలబడే మనిషి.

“సంఘం పేరు వద్దనుకున్నాం, సరే. అది బొత్తాలు చెప్పాయి” అంది. “నేను నా కాళ్ళతో గేటు దాకా వెళ్ళటానికి ఎవరి బొత్తం కావాలి? మా ఆయన దగ్గుతో మా ఇంట్లో గిన్నెలు కూడా దగ్గుతున్నాయి. పైకి చెప్పుకోలేడు, సూపర్‌వైజరాయె.”

“సోమవారం ఎలాగూ ఓవరాల్స్ అప్పజెప్పాలి కదా” అంది కత్తెర పిన్ని, ఎవరితోనో అన్నట్టు.

వదిన ఇద్దరినీ చూసింది. “నేను మిమ్మల్ని రమ్మనలేదు. గుర్తుంచుకోండి” అని మిషన్ ముందుకి జరిగి, “అమ్మాయ్, ఆ గుడ్డ ఇలా తే. నీ కుట్టు వంకర” అంది.

* * *

సోమవారం పొద్దున గేటు మీద బ్యానర్ ఎక్కింది. ‘మమ్మల్ని ఊపిరి పీల్చుకోనివ్వండి. ఫ్యాన్లు బాగుచేయించండి.’ కింద యూనియన్ పేరు. అంతే. దాని ముందు మా ఆయన, యూనియన్‌వాళ్ళు. మేనేజర్ బయటికొచ్చి చదివి, చేతులు వెనక్కి కట్టుకుని, “బయటివాళ్ళని చూపిస్తానన్నారు” అన్నాడు, మర్యాదగానే.

మా ఆయన నిజం చెప్పటానికి నోరు తెరిచారు. ఆ ముందు పూటంతా అద్దం ముందు సాధన చేసింది అదే: “ఎవరూ లేరండీ, మేమే.” అంత చిన్న ఉపన్యాసానికి అంత సాధన ఎప్పుడూ చెయ్యలేదు.

అప్పటికే మేం ఓవరాల్స్ మూటలు నెత్తిన పెట్టుకుని మలుపు తిరిగాం. గేటు దగ్గరికి వచ్చి మూటలు దించి, వాటి పక్కనే నిలబడ్డాం.

మేనేజర్ వదినని చూశాడు. “మీ సంఘం కూడా యూనియన్‌కి మద్దతా?”

“లేదండీ” అంది వదిన. “మద్దతు అడిగారు. ఓటేసుకున్నాం. వద్దనుకున్నాం.”

మా ఆయన కళ్ళు మూసుకున్నారు.

“మరి మీరందరూ?”

“సంఘం రాలేదండీ. మేం వచ్చాం.” వదిన మూటలోంచి చిరుగు కుట్టటానికి వచ్చిన పాత ఓవరాల్ ఒకటి తీసి, జేబు బయటికి తిరగేసింది. తెల్లటి పౌడర్ జలజలా రాలి మేనేజర్ బూట్ల ముందు చిన్న కుప్ప పడింది. “ఈ జేబు మేం కుట్టిందే. ఇది మాత్రం మేం పెట్టలేదు. ఉతికి కుట్టి పంపిస్తాం, మళ్ళీ ఇలాగే వస్తుంది. జేబులోకే ఇంత పోతే ముక్కులోకి ఎంత పోతుందో మీరే చూడండి.”

మేనేజర్ కుప్ప వైపు చూశాడు. సంఘం మద్దతు లేదని మొహమాటం లేకుండా చెప్పిన మనిషి, ఇప్పుడు ఇది చెబుతోంది. దీన్ని కాదనటానికి అతనికి దారి దొరకలేదు. తలెత్తేసరికి ఎదురుగా సూపర్‌వైజరమ్మ ఉంది. “నమస్కారమండీ. మా ఆయనకి చెప్పకండి, నేను వచ్చానని” అంది. వాళ్ళాయన మేనేజర్ పక్కనే నిలబడి ఉన్నాడు. సూపర్‌వైజర్ నేల చూపులు చూస్తూ, ఆపుకోలేక, దగ్గాడు.

దాంతో లోపల కూర్చుని చర్చలు జరిపారు. వారం తిరక్కుండా ఒక ఫ్యాన్ తిరిగింది. రెండోది పరిశీలనలో ఉందన్నారు. పరిశీలించటానికి మా ఆయన రోజూ వెళుతున్నారు. మా గది మాకే ఉంది. కిటికీకి తలుపు కూడా పెట్టించారు, మేం అడగనే లేదు.

బ్యానర్ మాత్రం ఇంకా గేటు మీదే ఉంది, రెండో ఫ్యాన్ కోసం. మొన్న పెద్ద గాలి వచ్చింది. పక్కనున్న బోర్డులన్నీ కొట్టుకున్నాయి. ఇది కదల్లేదు. కింద అంచు బరువుగా ఉండటంతో పలకలా నిటారుగా వేలాడింది. యూనియన్ చరిత్రలో చివరిదాకా చదవగలిగిన బ్యానర్ ఇదొక్కటే.

“ఎంత గట్టిగా కుట్టావక్కా” అన్నారాయన ఆ సాయంత్రం, గోడ వైపు తిరిగి.

“కుట్టు కాదు, లోపలున్న పేరు” అంది గోడ.

ఆయన గొంతు తగ్గించి నన్నడిగారు. “అన్నట్టు, ఆవేళ నువ్వేం వేశావు? తెల్లదా, నల్లదా?”

నేను బీరకాయ తొక్కు తీస్తున్నాను.

“అడగకూడదురా” అంది గోడ.